సెల్ బయాలజీ, కెమిస్ట్రీ పదాలు బట్టీ కొట్టకుండా ఎలా నేర్చుకోవాలి

మైటోకాండ్రియా అంటే ఏంటి అని నిద్రలో లేపి అడిగినా "కణ శక్త్యాగారం" అని టక్కున చెప్పేస్తారు. సరే ఆ శక్తి ఏ రూపంలో వస్తుంది అంటే ఏటీపీ అంటారు. ఏటీపీలో చివరి పీ ఏంటి, ఆ ఫాస్ఫేట్ ఊడితే ఏం జరుగుతుంది అని ఇంకో మెట్టు దిగి అడిగితే మాత్రం సైలెన్స్. ఎందుకంటే మొదటి రెండు జవాబులూ బయాలజీ నోట్స్‌లో ఉన్నాయి, మూడోది కెమిస్ట్రీ నోట్స్‌లో ఉంది, ఆ రెండు నోట్సులూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు. కణం లోపల జరిగేదంతా కెమిస్ట్రీయే కాబట్టి ఈ రెండు సబ్జెక్టుల పదాల్నీ విడివిడిగా నేర్చుకోవడమే అసలు ఇబ్బంది అని నా గట్టి అభిప్రాయం, కలిపి నేర్చుకుంటే సగం పని తగ్గుతుంది. ఎలాగో వరసగా చెప్తాను.

స్టెప్ 1: ఒక్కటే నోట్‌బుక్

రెండింటికీ కలిపి ఒకే నోట్‌బుక్ పెట్టండి. అక్షర క్రమంలో మాత్రం రాయొద్దు, డిక్షనరీకి అది బాగుంటుంది గానీ మెదడుకి కాదు, "అయాన్" పక్కన "అమీబా" ఉంటే ఏం లాభం చెప్పండి. ప్రతి పదానికీ తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు, ఆ పదంతో మీరే రాసిన ఒక వాక్యం, దానికి దగ్గరి చుట్టాలైన పదాలు, ఇవి రాసుకోండి. నిర్వచనం అన్నిటికంటే చివర, అది కూడా వాక్యం కుదిరాకే. ఉదాహరణకి ద్రావణి, ద్రావితం, ద్రావణం అని మూడు పదాలున్నాయి, విడిగా మూడు నిర్వచనాలు రాస్తే మర్నాడే కలగాపులగం అయిపోతాయి. అదే "నీరు ద్రావణి, అందులో కరిగిన సోడియం క్లోరైడ్ ద్రావితం, రెండూ కలిస్తే ద్రావణం" అని ఒక్క వాక్యం రాస్తే మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

తెలుగు మీడియంలో చదివి తర్వాత ఇంగ్లిష్ మీడియంకి వెళ్ళేవాళ్ళు, అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళు, రెండు పేర్లూ రాయడం అస్సలు వదలొద్దు. అంతర్జీవ ద్రవ్యజాలం, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం రెండూ ఒకటే అని తెలియక దాన్నే రెండుసార్లు చదివేవాళ్ళు చాలామంది ఉంటారు.

స్టెప్ 2: చిన్నదాని నుంచి మొదలుపెట్టండి

కణంతో కాదు, పరమాణువుతో మొదలుపెట్టాలి. పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్. ఇక్కడే మొదటి గుంట ఉంది, అణుబాంబు, అణుశక్తి అని పేపర్లో రోజూ చదువుతాం కదా, అక్కడ "అణు" అంటే నిజానికి పరమాణువు సంగతే. వాడుకలో అలా స్థిరపడిపోయింది, సైన్స్ రాసేటప్పుడు మాత్రం తేడా పాటించండి. ఒక ఆక్సిజన్ పరమాణువు ఒంటరిగా ఉంటే పరమాణువు, రెండు కలిసి మనం పీల్చే రూపంలో ఉంటే అణువు.

పరమాణువులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు. వీటిలో మూలకం ఏదో తేల్చేది ప్రోటాన్ల సంఖ్య, దాన్నే పరమాణు సంఖ్య అంటారు. కార్బన్ 12లోనూ కార్బన్ 14లోనూ ప్రోటాన్లు 6 మాత్రమే, న్యూట్రాన్లు మాత్రం ఒకదాంట్లో 6, ఇంకోదాంట్లో 8, అందుకే అవి ఒకే మూలకం తాలూకు ఐసోటోపులు. ఇక అయాన్ అంటే ఎలక్ట్రాన్ల లెక్క తేడా వచ్చిన పరమాణువు. సోడియంకి ప్రోటాన్లు 11, ఎలక్ట్రాన్లు 11. ఒక ఎలక్ట్రాన్ పోతే మిగిలేవి 10, కాబట్టి ప్లస్ ఒకటి ఆవేశం. చాలామంది ఎలక్ట్రాన్ పోతే మైనస్ రావాలి కదా అనుకుంటారు, కాదు, ఎలక్ట్రానే మైనస్, అది పోతే మిగిలేది ప్లస్. ఇది ఒకసారి కాగితం మీద లెక్కేసి చూడండి, కేటయాన్ (ప్లస్ అయాన్), ఆనయాన్ (మైనస్ అయాన్) అనే పదాల గొడవ మళ్ళీ రాదు.

మూలకాల గుర్తుల దగ్గర పేరుకీ గుర్తుకీ పొంతన లేనివి ఓ పది ఉంటాయి, వాటి లాటిన్ పేర్లు తెలుసుకుంటే చాలు. సోడియం నేట్రియం, పొటాషియం కేలియం, ఇనుము ఫెర్రం, రాగి కుప్రం, వెండి అర్జెంటం, బంగారం ఆరం, సీసం ప్లంబం. ఫెర్రస్, ఫెర్రిక్ అనే మాటలు కూడా ఆ ఫెర్రం నుంచి వచ్చినవే, ఫెర్రస్‌కి ప్లస్ 2, ఫెర్రిక్‌కి ప్లస్ 3. 118 మూలకాలూ ఇప్పుడే అక్కర్లేదు, కణం కోసమైతే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, ఫాస్ఫరస్, సల్ఫర్, ఈ ఆరూ ముందు గట్టిగా పట్టుకుని తర్వాత సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరిన్, మెగ్నీషియం, ఇనుము వైపు వెళ్ళండి.

తర్వాత బంధాలు. ఎలక్ట్రాన్ ఇచ్చిపుచ్చుకుంటే అయానిక బంధం, పంచుకుంటే సమయోజనీయ బంధం. హైడ్రోజన్ బంధం ఈ రెండింటికంటే బాగా బలహీనమైనది, ఒక నీటి అణువులోని హైడ్రోజన్‌కీ పక్క నీటి అణువులోని ఆక్సిజన్‌కీ మధ్య ఉండే ఆకర్షణ అది. నీటి అణువు లోపల ఉన్నది సమయోజనీయ బంధం, అణువుకీ అణువుకీ మధ్య ఉన్నది హైడ్రోజన్ బంధం, ఈ "లోపల, మధ్య" అన్న తేడా రాసుకోండి. డీఎన్ఏలో రెండు పోగుల్ని కలిపి ఉంచేవాటిలో ఈ హైడ్రోజన్ బంధాలు ముఖ్యమైనవి, డీఎన్ఏ క్షారాలైన అడినిన్ థైమిన్ మధ్య 2, గ్వానిన్ సైటోసిన్ మధ్య 3. చూశారా, అప్పుడే బయాలజీలోకి వచ్చేశాం.

పీహెచ్ గురించి ఒక్క మాట. ఆమ్లత్వం కొలవడానికి 1909లో సోరెన్‌సెన్ అనే డేనిష్ కెమిస్ట్ పెట్టిన స్కేల్ ఇది. 25 డిగ్రీల దగ్గర 7 అంటే తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం, ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియాల్సింది ఏంటంటే ఒక్క అంకె తేడా అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢతలో 10 రెట్లు తేడా. మనిషి రక్తం 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది, కణంలో పదార్థాల్ని విచ్ఛిన్నం చేసే సంచి అయిన లైసోజోమ్ లోపల సుమారు 5 దాకా దిగుతుంది, అంటే రెండు అంకెలు దాటింది, వంద రెట్లు పైనే ఆమ్లత్వం. లైసోజోమ్ ఎంజైములు ఆ ఆమ్లంలోనే బాగా పనిచేస్తాయి, కాబట్టి కొద్దిగా బయటికి లీకైనా తటస్థానికి దగ్గరగా ఉండే కణద్రవ్యంలో వాటి జోరు తగ్గుతుంది. కెమిస్ట్రీ పదం తెలిస్తే బయాలజీ పదం బతికొస్తుంది అనడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇది.

స్టెప్ 3: పెద్ద అణువులు, ఇదే వంతెన

ఇక్కడ పదాలు జంటలుగా నేర్చుకోండి, చిన్న ముక్క మోనోమర్, ముక్కలు వరసగా అతుక్కుంటే పాలిమర్. అమైనో ఆమ్లాలు అతుక్కుంటే ప్రోటీన్, న్యూక్లియోటైడ్లు అతుక్కుంటే కేంద్రకామ్లం, మోనోశాకరైడ్లు అతుక్కుంటే పాలీశాకరైడ్. అతుక్కునేటప్పుడు మామూలుగా ఒక నీటి అణువు బయటికి పోతుంది, మళ్ళీ విడగొట్టాలంటే నీటి అణువు లోపలికి రావాలి, ఆ విడగొట్టడాన్నే జలవిశ్లేషణ, హైడ్రాలిసిస్ అంటారు. కొవ్వుల లాంటి లిపిడ్లు ఈ లెక్కలో సరిగ్గా ఇమడవు, వాటిని అసలు పాలిమర్లుగా చెప్పరు, పరీక్షలో ఇలాంటివే అడుగుతారు.

ఫాస్ఫోలిపిడ్ దగ్గర కాస్త ఆగండి. దాని తలకి నీళ్ళంటే ఇష్టం, తోకలకి గిట్టదు, హైడ్రోఫిలిక్, హైడ్రోఫోబిక్ అంటే అదే. నీళ్ళలో వేస్తే తోకలు లోపలికి, తలలు బయటికి తిరిగి రెండు వరసలుగా సర్దుకుంటాయి, అదే కణత్వచానికి పునాది. మందం 7, 8 నానోమీటర్లు. సోడియం లాంటి అయాన్లు ఆ నూనె లాంటి మధ్య భాగం గుండా దూరలేవు కాబట్టి వాటికి ప్రోటీన్ దారులు కావాలి. వరణాత్మక పారగమ్యత అని పుస్తకంలో ఉండే ఆ నోరు తిరగని మాటకి అర్థం ఇంతే, కొన్నిటిని పోనిస్తుంది, కొన్నిటిని పోనివ్వదు.

ఏటీపీ గురించి మొదట్లో వదిలేసిన ప్రశ్న ఇప్పుడు చూద్దాం. అడినోసిన్‌కి మూడు ఫాస్ఫేట్లు తగిలిస్తే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, జలవిశ్లేషణలో ఒకటి ఊడితే అడినోసిన్ డైఫాస్ఫేట్. చాలా నోట్సుల్లో "బంధం తెగితే శక్తి బయటికొస్తుంది" అని రాసేస్తారు, అదే స్టూడెంట్ కెమిస్ట్రీ క్లాసులో "బంధం తెంచాలంటే శక్తి కావాలి" అని రాస్తాడు, ఈ రెండూ ఎలా కుదురుతాయి అని ఎవరికీ డౌట్ రాకపోవడమే ఆశ్చర్యం. కెమిస్ట్రీ వాళ్ళదే కరెక్ట్. తెంచడానికి కొంత శక్తి ఖర్చవుతుంది, కానీ నీటితో చర్య జరిగాక ఏర్పడే పదార్థాలు ఇంకా స్థిరంగా ఉంటాయి కాబట్టి మొత్తం లెక్కలో శక్తి మిగులుతుంది, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కి సుమారు 30.5 కిలోజౌళ్ళు. నోట్‌బుక్‌లో ఏటీపీ పక్కన "తెగడం వల్ల కాదు, మొత్తం చర్య వల్ల" అని రాసిపెట్టుకోండి.

స్టెప్ 4: కణాన్ని ఒక ప్రోటీన్ వెంట నడిచి నేర్చుకోండి

కణాంగాల్ని లిస్టుగా నేర్చుకుంటే గాల్జీ సంక్లిష్టం ఏం చేస్తుందో, నునుపు అంతర్జీవ ద్రవ్యజాలం ఏం చేస్తుందో ఎప్పుడూ తారుమారే. దానికి బదులు ఒక ప్రోటీన్‌ని పట్టుకుని దాని వెనకాల వెళ్ళండి, ఇన్సులిన్ అయితే బాగుంటుంది, చిన్నది, 51 అమైనో ఆమ్లాలే.

క్లోమంలోని బీటా కణంలో కేంద్రకం ఉంది, అందులో డీఎన్ఏ ఉంది, ఇన్సులిన్ జన్యువు ఆ డీఎన్ఏలో ఒక భాగం. ఆ జన్యువుని చూసి మెసెంజర్ ఆర్ఎన్ఏ తయారవడం అనులేఖనం, ట్రాన్స్‌క్రిప్షన్. ఆ ఆర్ఎన్ఏ కేంద్రక త్వచంలోని రంధ్రాల గుండా కణద్రవ్యంలోకి వచ్చి రైబోజోమ్‌కి చేరుతుంది, అక్కడ అమైనో ఆమ్లాల గొలుసు అల్లడం అనువాదం, ట్రాన్స్‌లేషన్. గొలుసు మొదట్లో ఒక సిగ్నల్ ముక్క ఉంటుంది, అది బయటికి రాగానే రైబోజోమ్ వెళ్ళి అంతర్జీవ ద్రవ్యజాలానికి అతుక్కుంటుంది, అలా రైబోజోములు అతుక్కున్న భాగం గరుకుగా కనపడుతుంది కాబట్టి గరుకు జాలం. గొలుసు లోపలికి దూరాక సిగ్నల్ ముక్క తెగిపోతుంది. మడతపడిన గొలుసు చిన్న సంచుల్లో, అంటే వెసికిల్స్‌లో, ప్రోటీన్లని సర్ది పంపే గాల్జీకి వెళ్తుంది. అక్కడి నుంచి స్రావక సంచుల్లోకి సర్దుకుంటుంది, మధ్యలో ఉన్న ఇంకో ముక్క కూడా తెగిపోయి చివరికి 21, 30 అమైనో ఆమ్లాల రెండు గొలుసులు సల్ఫర్ బంధాలతో కలిసి మిగులుతాయి. సంకేతం అందగానే ఆ సంచి కణత్వచంతో కలిసిపోయి లోపల ఉన్నది బయటికి వదులుతుంది, అది ఎక్సోసైటోసిస్. ఈ దారంతా నడవడానికి కావాల్సిన ఏటీపీ ఎక్కువగా మైటోకాండ్రియా నుంచి.

ఇది పుస్తకం మూసేసి ఒకసారి మీ మాటల్లో చెప్పి చూడండి. పదిహేను పదాలు దాకా ఉన్నాయి ఇందులో, ఒక్కటి కూడా విడిగా నేర్చుకోలేదు.

ఇందులో రాకుండా మిగిలిపోయేవి కొన్నే. రైబోజోములు అతుక్కోని నునుపు జాలం లిపిడ్ల తయారీకి, లైసోజోమ్ విచ్ఛిన్నానికి, మొక్కల్లో హరితరేణువు కిరణజన్య సంయోగక్రియకి, పెద్ద రిక్తిక (వాక్యువోల్) నీటి పీడనానికి. కణకవచం మొక్కలకి మాత్రమే ఉంటుందని రాయొద్దు, శిలీంధ్రాలకి కైటిన్‌తో, బ్యాక్టీరియాకి పెప్టిడోగ్లైకాన్‌తో ఉంటుంది, మొక్కలది సెల్యులోజ్. బ్యాక్టీరియా లాంటి కేంద్రక పూర్వ కణాల్లో కేంద్రక త్వచం ఉండదు, డీఎన్ఏ మాత్రం ఉంటుంది.

స్టెప్ 5: పెద్ద పదాన్ని ముక్కలు చేయండి

ఇంగ్లిష్ పదాల్లో ఎక్కువ శాతం గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టినవే. సైటో అంటే కణం, లైసిస్ అంటే విడగొట్టడం, జెనిసిస్ అంటే పుట్టించడం, సోమ్ అంటే దేహం, క్రోమో అంటే రంగు. రంగు వేస్తే బాగా పట్టుకుంటుంది కాబట్టి క్రోమోజోమ్. ఈ ముక్కలు ఎంత పని చేస్తాయో చూడాలంటే గ్లైకోజెనిసిస్, గ్లైకోజెనోలిసిస్, గ్లూకోనియోజెనిసిస్ అనే మూడు భయంకరమైన పదాలు తీసుకోండి. మొదటిది గ్లైకోజన్ (గ్లూకోజ్ నిల్వ ఉండే రూపం) పుట్టించడం, రెండోది గ్లైకోజన్ విడగొట్టడం, మూడోదాంట్లో నియో అంటే కొత్త, అంటే కార్బోహైడ్రేట్ కాని వాటి నుంచి కొత్తగా గ్లూకోజ్ పుట్టించడం. బట్టీ కొట్టాల్సిన అవసరమే లేదు.

చివర్లో "ఓజ్" ఉంటే సాధారణంగా చక్కెర కుటుంబం, "ఏజ్" ఉంటే ఎంజైమ్. లాక్టోజ్ చక్కెర, దాన్ని విడగొట్టేది లాక్టేజ్. ఒక్క అక్షరం తేడాతో అర్థం తలకిందులవుతుంది కాబట్టి రాసేటప్పుడు జాగ్రత్త. పెప్సిన్, ట్రిప్సిన్ పాత పేర్లు, ఎంజైములే గానీ ఈ రూల్ పాటించవు.

లవణాల పేర్లలో ఐడ్, ఐట్, ఏట్ ఉన్నాయి కదా. సల్ఫైడ్‌లో ఆక్సిజన్ లేదు, సల్ఫైట్‌లో 3, సల్ఫేట్‌లో 4. అలాగని ఏట్ అంటే 4 అనుకోకండి, నైట్రేట్‌లో 3, నైట్రైట్‌లో 2. ఐట్ కంటే ఏట్‌లో ఆక్సిజన్ ఎక్కువ, అంతవరకే రూల్. హైడ్రాక్సైడ్‌లో ఐడ్ ఉన్నా ఆక్సిజన్ ఉంటుంది, అది వేరే కథ.

హైపర్ ఎక్కువ, హైపో తక్కువ, ఐసో సమానం. ఎర్ర రక్తకణాన్ని 0.9 శాతం సోడియం క్లోరైడ్ ద్రావణంలో వేస్తే ఏమీ కాదు, అది ఐసోటోనిక్. ఇంకా పల్చటి ద్రావణం హైపోటోనిక్, అందులో వేస్తే ద్రవాభిసరణ వల్ల నీళ్ళు లోపలికి వెళ్ళి కణం ఉబ్బుతుంది, మరీ పల్చనైతే పగులుతుంది. గాఢమైనదాంట్లో వేస్తే ముడుచుకుంటుంది. హైపో, హైపర్ అన్నవి బయట ఉన్న ద్రావణం గురించి చెప్పే మాటలు, కణం గురించి కాదు, ఇది మర్చిపోతే జవాబు మొత్తం తిరగబడుతుంది.

స్టెప్ 6: మోసం చేసే పదాలకి వేరే పేజీ

నోట్‌బుక్ చివరి నుంచి ఒక పేజీ తెరిచి ఇవి రాయండి. కణం బయాలజీలో సెల్, ఫిజిక్స్ కెమిస్ట్రీల్లో పార్టికల్. కేంద్రకం కణానికీ ఉంది, పరమాణువుకీ ఉంది, సైజులో ఊహకందని తేడా. క్షయకరణం కెమిస్ట్రీలో ఎలక్ట్రాన్లు తీసుకోవడం, బయాలజీలో క్షయకరణ విభజన అంటే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే మియోసిస్, మనిషిలో 46 నుంచి 23. బేస్ అంటే క్షారం, డీఎన్ఏలో అడినిన్ లాంటివి నత్రజని క్షారాలు, సోడియం హైడ్రాక్సైడ్‌లా ఊహించుకోవద్దు. ప్లాస్మా రక్తంలో ఒకటి, ప్లాస్మా త్వచం ఇంకొకటి, పదార్థపు నాలుగో స్థితి మరొకటి, మూడింటికీ సంబంధం లేదు.

చూడ్డానికి ఒకేలా ఉండేవి కూడా అక్కడే. థైమిన్ డీఎన్ఏలో ఉండే క్షారం, థయామిన్ విటమిన్ బీ1. గ్లైకోజన్ నిల్వ ఉండే పాలీశాకరైడ్, గ్లూకగాన్ హార్మోన్. క్రోమాటిన్ అంటే విప్పుకుని ఉన్న డీఎన్ఏ, ప్రోటీన్ల కలబోత, అది గట్టిగా చుట్టుకుంటే క్రోమోజోమ్, కాపీ అయ్యాక అందులో కనపడే రెండు భాగాల్లో ఒక్కోటీ క్రోమాటిడ్, అవి రెండూ అతుక్కున్న చోటు సెంట్రోమియర్. సెంట్రియోల్ వేరు, అది ఒక కణాంగం, దానికీ సెంట్రోమియర్‌కీ ముడిపెట్టొద్దు.

స్టెప్ 7: పక్కనే సైజు రాయండి

ఒక మిల్లీమీటర్‌లో 1000 మైక్రోమీటర్లు, ఒక మైక్రోమీటర్‌లో 1000 నానోమీటర్లు. రైబోజోమ్ 20 నుంచి 30 నానోమీటర్లు, చాలా బ్యాక్టీరియాలు ఒకటి రెండు మైక్రోమీటర్లు, ఎర్ర రక్తకణం 7, 8 మైక్రోమీటర్లు, మనిషి అండకణం సుమారు 100 మైక్రోమీటర్లు అంటే మిల్లీమీటర్‌లో పదో వంతు. మామూలు కాంతి మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువుల్ని విడదీసి చూపించలేదు, కాబట్టి ల్యాబ్‌లో రైబోజోములు చూశాం అని రికార్డులో రాయకండి.

రైబోజోముల దగ్గర 70ఎస్, 80ఎస్ అని ఉంటుంది, ఆ ఎస్ స్వెడ్‌బర్గ్ యూనిట్, బరువు కాదు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎంత వేగంగా అడుగుకి దిగుతుందో చెప్పే కొలత. ఆకారం మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి 70ఎస్ రైబోజోమ్‌లోని రెండు భాగాలు, 50, 30 కలిస్తే 80 కాకుండా 70 అవుతుంది.

స్టెప్ 8: టెస్ట్

పదం చూసి అర్థం చెప్పుకోవడం టెస్ట్ కాదు, చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. రెండు పనులు చేయండి. ఒకటి, పేర్లు లేని కణం బొమ్మ గీసి నోట్‌బుక్ మూసి నింపండి, మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి. రెండు, ఏదో ఒక బరువైన వాక్యం తీసుకుని అందులో ప్రతి పదాన్నీ తవ్వండి. ఇది తీసుకోండి: "సోడియం పొటాషియం పంప్ ఒక ఏటీపీని ఖర్చుపెట్టి 3 సోడియం అయాన్లని కణం బయటికి, 2 పొటాషియం అయాన్లని లోపలికి గాఢతా ప్రవణతకి ఎదురుగా, అంటే తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢత వైపు, పంపుతుంది." అయాన్ ఎలా అయింది, అయాన్ త్వచం గుండా ఊరికే ఎందుకు దూరదు, పంప్ ఏ రకం అణువు, అది ఎక్కడ తయారైంది, ఏటీపీ ఖర్చవడం అంటే ఏ చర్య, గాఢత అంటే దేంట్లో దేని గాఢత, 3 బయటికి 2 లోపలికి పోతే ఆవేశం లెక్క ఏమవుతుంది. పుస్తకం చూడకుండా బయటికి వినపడేలా చెప్పండి. ఎక్కడ నోరు ఆగిందో ఆ పదం పేజీకి వెళ్ళి అక్కడ మీరు రాసిన వాక్యం కొట్టేసి ఇంకోటి రాయండి, ఎక్కువసార్లు ఆ పాత వాక్యం పుస్తకంలోంచి దించిందే అయ్యుంటుంది.